మొన్నకి గడి లేదు

పోయిన వారం మేము ముగ్గురం ట్యాక్సీలో ఉన్నాం. ముందు సీట్లో మా ఆవిడ, ఎముక అతికిన కాలు చాపుకుని. వెనక మా అమ్మాయి, ఒళ్లో పసుపు అట్ట నోటుపుస్తకం. పక్కన నేను, నోరూరుకోక డ్రైవరుకి దొంగ కథ చెబుతూ. అదే, బారెడు కర్ర పట్టుకుని మా ఇంట్లో దూరిన దొంగని బాత్రూంలోకి తోసి, బయట తాళం వేసి, కుర్చీ వేసుకుని కాపలా కాసిన కథ. డ్రైవరు స్టీరింగు మీద చెయ్యి కొట్టి మరీ నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు. ఆవిడ నా కథలకి నవ్వడం మానేసి ఒక తరం గడిచింది కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఆలస్యంగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం ఇంకో నాలుగు ముక్కలు. నేను నలభై ఏళ్లు తాళాలు బాగుచేశాను. మా ఆవిడ మందుల షాపులో ముప్పై ఏళ్లు మాత్రలు లెక్కపెట్టింది. మేముండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. ఆ మెట్ల మీద ఆవిడ జారిపడ్డప్పటి నుంచి అమ్మాయి మా కోసం చోట్లు వెతుకుతోంది. ముసలివాళ్లిద్దరూ మిగిలిన రోజులు ఎక్కడ గడపాలన్నది ప్రశ్న. నోటుపుస్తకంలో ఎడమ పక్క ఏవో ప్రశ్నలు, పైన మూడు చోట్లు, మధ్యలో గడులు. మొదటిది, ఉన్న ఇంట్లోనే ఉండి సాయానికి మనిషిని పెట్టుకోవడం. పెట్టుకున్నాం. ఆ సాయం మనిషి నాలుగో రోజున చెప్పాపెట్టకుండా మానేసింది. రెండోది, ముసలి జంటల కోసం కట్టిన వరస గదులు. మన గది మనదే, మన పొయ్యి మనదే, మంచం పక్కన గంట, నొక్కితే మనిషి వస్తుంది. నాకు అది తెగ నచ్చింది. వాళ్ల జవాబు కోసం చూస్తున్నాం. మూడోది, ఇదిగో, ఇప్పుడు మా ట్యాక్సీ ఆగిన చోటు.

దూరం నుంచి చూస్తే బడి అనిపిస్తుంది, దగ్గరికెళ్లి వాసన చూస్తే ఆసుపత్రి అనిపిస్తుంది. ఒకటే అంతస్తు. గడపలు లేవు. నడవా పొడుగునా గోడకి పట్టుకునే కడ్డీ, చేతులు రాసుకుని రాసుకుని మధ్యలో నునుపెక్కింది. ఎదురొచ్చిన సిస్టర్‌కి నలభై ఏళ్లుంటాయి. మెత్తటి చెప్పులు, జేబులో పెన్సిలు, పెన్సిలు వెనక రబ్బరు. వచ్చీరాగానే బాబాయిగారూ, పిన్నిగారూ అని వరసలు కలిపేసింది.

ముందు తోట వైపు చూపించింది. పన్నెండు గదులు. స్నానాల గదిలో కుర్చీ, కుళాయి పక్కన ఎర్ర తాడు, లాగితే మోగే గంట. కిటికీలో రేకు డబ్బాల్లో మొక్కలు. ఒకాయన బయట కూర్చుని భార్య గోళ్లు తీస్తున్నాడు, ఆవిడేమో ఆయన్ని తిడుతోంది. సంసారం కనిపించింది. ఫరవాలేదు అనుకున్నాను.

"ఇది లోపలి వైపు," అంది సిస్టర్, నడవా చివర తలుపు దగ్గర ఆగి.

వృత్తి మనిషిని వదలదు కదా. ముందు తాళం చూద్దామని వంగాను. తాళం లేదు. అంటే ఉంది, కన్నం లేదు. పిడి పైన అంకెల బొత్తాలు, ఆరు వరసలు. చెవి పట్టని తాళాన్ని నేను ఏమని బతిమాలేది? నిటారుగా నిలబడి చూస్తే, తలుపులో మందపాటి అద్దం. అద్దం వెనక ఒక పెద్దమనిషి. ఇస్త్రీ చొక్కా, పాపిడి తీసి దువ్విన తల. అవతలి పిడిని కిందికి తిప్పుతున్నాడు, ఆగుతున్నాడు, మళ్లీ తిప్పుతున్నాడు. కోపం లేదు, తొందర లేదు. బస్సు వస్తుందేమో అని మాటిమాటికీ రోడ్డు వైపు చూసేవాడి ఓపిక. నన్ను చూసి మర్యాదగా తలూపాడు. పెదాలు కదిలాయి.

"ఏమంటున్నాడమ్మా?"

"ఇల్లు పక్క వీధిలోనేనట, ఒకసారి చూసి వచ్చేస్తానంటున్నారు."

"పాపం, చూపించుకు రావచ్చుగా."

"ఆ ఇల్లు లేదు బాబాయిగారూ. నాలుగేళ్లుగా రోజూ ఇదే మాట."

నాలుగేళ్లుగా తిప్పుతున్న ఆ పిడి నా చేతిలోనే ఉన్నట్టు అనిపించి, చెయ్యి జేబులో పెట్టుకున్నాను. మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ తలుపుని చూడటం లేదు. నన్ను చూస్తోంది.

*

మమ్మల్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. బల్ల, నాలుగు కుర్చీలు, గుండ్రటి గడియారం. మేకుకున్న క్యాలెండరుని గోడవైపు తిప్పి పెట్టారు. అదేం అలవాటో అనుకున్నాను. ఎందుకో తర్వాత తెలిసింది.

సిస్టర్ ఒక కాగితం తీసింది. నిండా గడులు.

"ఇక్కడ ఎవరు ఏ వైపు ఉండాలన్నది మేము మొహం చూసి చెప్పం బాబాయిగారూ. ఈ ప్రశ్నలకి ముప్పై మార్కులు. ఇరవై దాటితే తోట వైపు. దాటకపోతే లోపలి వైపు. ముందు మీతో మొదలుపెడదామా?"

"నాతో ఎందుకమ్మా? కాలు విరిగింది ఆవిడది."

"ఇద్దరినీ అడుగుతాం."

మా అమ్మాయి నోటుపుస్తకం మీద ఏదో మరక పడ్డట్టు అట్టని వేలితో తుడుస్తూ కూర్చుంది. మరకేమీ లేదు.

"ఇది ఏ సంవత్సరం?" అని మొదలుపెట్టింది సిస్టర్.

"మా ఆవిడకి నా మీద కోపమొచ్చిన సంవత్సరం."

సిస్టర్ నవ్వింది. "అది ఏ సంవత్సరం?"

"ఏ సంవత్సరం కాదో అడుగు తల్లీ, చెప్పడం తేలిక."

"మూడు మాటలు చెబుతాను, గుర్తుపెట్టుకోండి. కాసేపాగి అడుగుతాను. గొడుగు, నిమ్మకాయ, రైలు."

"ముగ్గురూ మా చుట్టాలే."

"ఏం పని చేసేవారు బాబాయిగారూ?"

అడక్క అడక్క అడిగింది. ఇంకేముంది, జైలరు కథ ఎత్తుకున్నాను. ఒక జైలరు కొత్త తాళం పనిచేస్తుందో లేదో చూద్దామని ఖైదు గదిలోకి వెళ్లి, తన మీద తానే తాళం వేసుకున్నాడు. తాళంచెవి బయట ఉండిపోయింది. పరుగున వచ్చి నన్ను నిద్రలేపిందెవరు? ఆ గదిలో ఉండాల్సిన దొంగ. పాపం, జైలరు లోపలుంటే తను ఎక్కడ పడుకోవాలని దొంగ బాధ. ఆ కథకి సిస్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఊపులో చీమ కథ కూడా చెప్పాను. ఒక షావుకారు ఇనప్పెట్టెకి ఏ చెవీ పట్టకపోతే, చీమ నడుముకి దారం కట్టి, కన్నంలోంచి పంపి, అవతల పంచదార పలుకు చూపించి, లోపలి గడియ దానిచేతే లాగించిన కథ.

"సూటిగా చెప్పండి," అంది మా ఆవిడ, మోకాలితో నా మోకాలిని పొడుస్తూ.

"సూటిగానే వెళ్లింది, చీమ."

అప్పుడు చూశాను. సిస్టర్ మొహం నవ్వుతోంది. చెయ్యి నవ్వడం లేదు. నేను మాట్లాడిన ప్రతిసారీ పెన్సిలు వెళ్లి ఒక గడిలో చిన్న సున్నా చుట్టి వస్తోంది. మా పల్లె బళ్లో అయ్యవారు ఇంతే. ఒప్పు చెబితే వినేవాడు, తప్పు చెబితే రాసుకునేవాడు. డెబ్బై ఏళ్ల తర్వాత ఆ బెత్తం భయం మళ్లీ అరచేతిలోకి వచ్చింది.

"అమ్మా, అవి కథలు," అన్నాను. "సరదాకి చెప్పాను. అవి రాసుకోకు."

"కథలని నాకు తెలుసు బాబాయిగారూ. నేను అడిగింది సంవత్సరం. దానికి మీరు ఇంతవరకు జవాబు చెప్పలేదు."

చెబుదామనే నోరు తెరిచాను. నాలుక చివరనే ఉంది. సంవత్సరాలదేముంది, ఒకదాని వెనక ఒకటి గొర్రెల్లా వస్తాయి, ముందున్నది ఏదో పట్టుకుంటే చాలు. ముందున్నది దొరకలేదు. చూపు దానంతట అదే గోడకేసి వెళ్లింది. క్యాలెండరు వీపు నన్ను చూసి నవ్వింది.

"పోనీ, మీ తోబుట్టువులు ఎవరైనా ఉన్నారా?"

హమ్మయ్య అనుకున్నాను. మనుషుల గురించి అయితే నన్ను ఎవరు ఓడిస్తారు?

"ఒక అన్న ఉండేవాడు. మొన్ననే పోయాడు."

సిస్టర్ పెన్సిలు ఆగింది. మొహంలో జాలి వచ్చింది. "అయ్యో. మొన్ననా?" అని అమ్మాయి వైపు చూసింది.

"పెదనాన్న పోయి పద్దెనిమిదేళ్లండీ," అంది అమ్మాయి, తల ఎత్తకుండా.

పెన్సిలు ఇంకో సున్నా చుట్టింది.

"ఆగాగు," అన్నాను. "అది తప్పెలా అవుతుంది? మా ఊళ్లో మొన్న అంటే రెండు రోజుల లెక్క కాదు. నిన్న కానిదల్లా మొన్నే. మొన్న వరదలొచ్చాయి అంటే అది మా తాత చిన్నప్పుడు. మొన్న నా పెళ్లయింది అంటే నలభై నాలుగేళ్లు. ఇష్టమైనదేదీ దూరం కాదని అట్లా అంటాం. పెద్దవాళ్లెవరినైనా అడుగు."

సిస్టర్ కాస్త ఆలోచించింది. న్యాయం తెలిసిన మనిషి. పెన్సిలు తిప్పి, రబ్బరుతో ఆ సున్నాని చెరిపేసింది. "మా అమ్మమ్మా అట్లాగే అనేది," అంది. "కానీ బాబాయిగారూ, ఈ కాగితంలో మొన్నకి గడి లేదు. తేదీకే ఉంది."

చెరిగిన ఆ ఒక్క సున్నాకే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది మాటల దగ్గర వచ్చిన తేడా, బుర్ర దగ్గర వచ్చింది కాదు. ఒక్కొక్కటీ విడమరిచి చెబితే అన్నీ చెరిపేస్తుంది. తోట వైపు గది, కిటికీలో మొక్కలు, మా ఆవిడ తిట్లు. ఎంతో దూరం లేదు.

"ఇందాకటి మూడు మాటలు చెప్పండి."

"గొడుగు. రైలు." వేళ్లు మడిచాను. "గొడుగేసుకుని రైలెక్కాడు. ఎక్కి..."

గడియారం చప్పుడు వినిపించింది. అంతసేపూ అది చప్పుడు చేస్తోందని నాకు తెలియదు.

"మూడోది టికెట్టు లేకుండా ఎక్కింది. మధ్యలో దింపేశారు," అన్నాను.

ఈసారి సిస్టర్ కూడా నవ్వలేదు.

*

ఆమె కాగితం తిప్పి, మా ఆవిడ వైపు జరిగింది.

"ఇది ఇంట్లోవాళ్లని అడిగే భాగం పిన్నిగారూ. బాబాయిగారి విషయంలో ఇంట్లో ఏమైనా ప్రమాదాలు జరిగాయా? కుళాయి తిప్పి వదిలేయడం, పొయ్యి మరిచిపోవడం, అట్లాంటివి?"

మా ఆవిడ చేతిసంచీ పట్టీని సరిచేసుకుంది. మందుల చీటీ చదివే గొంతుతో చెప్పింది.

"మొన్న పొయ్యి మీద పాలు పెట్టి కిందికి వెళ్లిపోయారు. పాలు పొంగి, ఇగిరి, గిన్నె మాడి, కిటికీ తెర అంటుకుంది. పక్కింటివాళ్లు వచ్చి నీళ్లు పోశారు."

నాకు నవ్వాగలేదు. "చూశావా సిస్టరమ్మా, ఈవిడకీ నా జబ్బే అంటుకుంది. అది మా పెళ్లయిన కొత్తలో సంగతి. అప్పుడు కిరసనాయిలు పొయ్యి. నేను తాళం పని మీద..."

సిస్టర్ కూడా అట్లాగే అనుకున్నట్టుంది. ఆమె పెన్సిలు తిప్పి, అప్పుడే రాసుకున్నదాని మీద రబ్బరు ఆనించింది.

"చెరపకమ్మా," అంది మా ఆవిడ.

సిస్టర్ రబ్బరు పైకెత్తింది.

"ఆయన మొన్న వేరు, నా మొన్న వేరు. నా మొన్న మొన్నే. మంగళవారం. పగలు పదకొండింటికి. ఇది మూడోసారి."

మా ఆవిడ గురించి మీకు ఒక సంగతి చెప్పాలి. మందుల షాపులో ముప్పై ఏళ్లు, రోజుకి రెండు అంటే రెండే, భోజనానికి ముందు అంటే ముందే అని చీటీల మీద రాసి ఇచ్చిన మనిషి. ఆవిడ నోట్లో మొన్న అంటే నలభై ఎనిమిది గంటలు. ఒక గంట అటూ ఇటూ అయితే ఆ మాటే వాడదు.

నేను మంగళవారం కోసం వెతికాను. చీకటి గదిలో జేబులు తడుముకున్నట్టు తడిమాను. సోమవారం ఉంది, చెప్పుల షాపుకి వెళ్లాను. బుధవారం ఉంది, గడ్డం గీసుకున్నాను. మధ్యలో ఏమీ లేదు. ఉత్త ఖాళీ కూడా కాదు, ఖాళీ ఉందన్న గుర్తు కూడా లేదు. వంటింటి కిటికీ మాత్రం కళ్లముందుకి వచ్చింది. తెర లేదు. ఉతకడానికి తీశారనుకున్నాను. పైన గోడ నల్లగా ఉంది. నల్లగా ఎందుకుందని నేను ఎవరినీ అడగలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పాను. మొన్న చెప్పాను, నిన్న చెప్పాను. రెండుసార్లూ మీరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మూడోసారి ఎందుకని ఊరుకున్నాను."

"నాన్నా," అంది అమ్మాయి. "ఆ వరస గదులవాళ్ల జవాబు ఎప్పుడో వచ్చింది. పొయ్యి మరిచిపోయేవాళ్లని తీసుకోం అన్నారు. పక్కగదుల్లో అందరూ పెద్దవాళ్లేనట, నిప్పంటుకుంటే లేచి పరిగెత్తలేరట."

"సరే, పోనీ. ఇల్లుంది కదా. ఇంకో సాయం మనిషిని పెట్టుకుందాం. ఆ పోయినామె మీ అమ్మ సాధింపు పడలేక పోయింది. ఇంకొకామెని..."

"ఏమండీ," అంది మా ఆవిడ. మెల్లగా అడిగింది, మెల్లగా అడిగితేనే నాకు భయం. "మీ దొంగ చేతిలో కర్ర ఉందన్నారే. అది ఏ కర్ర?"

"కర్రంటే కర్రే. బారెడుంది."

"చివర ఏముంది?"

నేను ఆ కథని ఎంతమందికి చెప్పానో. టీ కొట్టు దగ్గర, మంగలి షాపులో, ట్యాక్సీలో. చెప్పినప్పుడల్లా కర్రని ఇంత పొడుగు చేశాను, అంత లావు చేశాను. చివర ఏముందో ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూశాను. తడి పీచు. నీళ్లు కారుతున్న తెల్లటి పీచు.

"నేల తుడిచే కర్రండీ అది," అంది మా ఆవిడ. "నేను, అమ్మాయి కలిసి నా కాలు చూపించుకోవడానికి వెళ్లాం. వచ్చేసరికి రెండు గంటలైంది. బాత్రూం లోపల, మనం సాయానికి పెట్టుకున్నామె ఏడుస్తోంది. మీరు బయట కుర్చీలో కూర్చుని, దొంగ ఏడుపులు నా దగ్గర కాదు అంటున్నారు. తాళం తియ్యమంటే, పోలీసులొచ్చాకే అన్నారు. మీ తాళం నాకు ఎట్లా వస్తుంది? వేరే మనిషిని పిలిచి పగలగొట్టించాం."

నా తాళాన్ని వేరేవాడు పగలగొట్టాడు. ఆ సంగతి కూడా నాకు తెలియదు.

చెయ్యి చాచి అమ్మాయి ఒళ్లోంచి నోటుపుస్తకం తీసుకున్నాను. తను ఆపలేదు. ఇన్నాళ్లూ దూరం నుంచి గడులు చూశానే గానీ, కళ్లద్దాలు పెట్టుకుని చదవలేదు. ఎడమ పక్క ప్రశ్నలు. పొయ్యి చేతికి అందుతుందా? తలుపు దాటి వెళితే ఎవరికైనా తెలుస్తుందా? తప్పిపోతే ఎంతసేపటికి వెతుకుతారు? కాళ్ల గురించి, మెట్ల గురించి ఒక్క ప్రశ్న లేదు. పైన, అమ్మాయి గుండ్రటి అక్షరాల్లో, కింద రెండు గీతలు గీసి: నాన్నకి.

తేదీ ఎనిమిది నెలల కిందటిది. మా ఆవిడ పడింది నాలుగు నెలల కిందట.

కాళ్ల కింద నేల కదిలిపోవడం అంటారే, అది అబద్ధం. నేల ఎక్కడికీ కదలదు. కాళ్లే మనవి కావనిపిస్తుంది. "ఇల్లెక్కడికి పోయిందే? లేచి వెళ్దాం పదండి, ఇక్కడే కదా," అన్నాను. ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక, దాన్ని ఇందాకే అద్దం వెనక ఎవరి పెదాల మీదో చూసినట్టు తోచి, నోరు మూసుకున్నాను.

*

"పద్నాలుగు," అంది సిస్టర్, కాగితంలో మార్కులు కూడి. "తోట వైపు ఇవ్వలేను బాబాయిగారూ. ఇస్తే మీకే ప్రమాదం."

"ఆవిడో?"

"పిన్నిగారు తోట వైపు ఉండొచ్చు. అమ్మాయి దగ్గరైనా ఉండొచ్చు. రోజూ నాలుగు నుంచి ఆరు దాకా వచ్చి మిమ్మల్ని చూడొచ్చు."

"నాలుగు నుంచి ఆరు," అన్నాను. నలభై నాలుగేళ్లు ఒకే దుప్పటి లాక్కున్న మనుషులం. "లోపల జంటలకి గదుల్లేవా తల్లీ?"

"ఒకటుంది. ఖాళీగానే ఉంది. కానీ ఇద్దరికీ ఇరవై లోపు రావాలి. బాగున్న మనిషిని ఆ తలుపు వెనక పెట్టకూడదు. అది మేము చెయ్యం."

మా ఆవిడ చేతిసంచీ తీసి అమ్మాయికి ఇచ్చింది. కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కుంది. కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"నన్నూ అడగాలన్నావుగా. అడుగమ్మా."

"మీకు అంత అవసరం లేదు పిన్నిగారూ. పేరుకి రెండు ప్రశ్నలు."

"అన్నీ అడుగు."

సిస్టర్ కొత్త కాగితం తీసింది. "ఈరోజు ఏ వారం?"

"సోమవారం."

పెన్సిలు కాగితం దాకా వెళ్లి ఆగింది. "పిన్నిగారూ, ఇప్పుడే కదా మొన్న మంగళవారం అన్నారు?"

"అన్నానా?"

"అమ్మా, ఏంటిది?" అంది అమ్మాయి.

నాకు అర్థమైంది. ఒక్కసారిగా, అద్దంలో చూసినంత తేటగా. అబద్ధమాడుతోంది. నా ఇల్లాలు, పాలవాడికి కూడా ఇంట్లో లేనని చెప్పలేని మనిషి, నా కోసం ఆ తలుపు దాటడానికి అబద్ధమాడుతోంది. ఆవిడ అబద్ధం నాకు తెలుస్తుంది. ఈ జన్మకి మూడో నాలుగో ఆడి ఉంటుంది, ఆడినప్పుడల్లా కుడిచేతి బొటనవేలు చూపుడువేలి కణుపుల మీద నడుస్తుంది, మాత్రలు లెక్కపెడుతున్నట్టు. బల్ల కిందికి చూశాను. నడుస్తోంది. ఒకటి, రెండు, మూడు.

"ఏ నెల?"

రెండు నెలలు వెనక్కి చెప్పింది. బొటనవేలు నడిచింది.

"వందలోంచి ఏడు తీసేస్తే?"

ముప్పై ఏళ్లు లెక్కలు కట్టిన మనిషి, "ఎనభై," అంది. బొటనవేలు నడిచింది.

ఆపాలి. ఆ తలుపు వెనక, మతి బాగున్న మనిషి, ఇరవై నాలుగు గంటలూ, పిడి తిప్పేవాళ్ల మధ్య. నేను ఎవరినో కూడా మరిచిపోయే రోజు వస్తే, అప్పుడు ఆవిడ ఒక్కతే లోపల ఉండిపోతుంది. ఆపాలని నాకు తెలుసు. ఆపకపోతే బాగుండునని కూడా లోపల ఒకడు అంటున్నాడు, వాడి మొహం చూడలేకపోయాను.

"ఆవిడ కావాలని చెబుతోందమ్మా," అన్నాను చివరికి. "అబద్ధం. నమ్మకు."

సిస్టర్ జాలిగా చూసింది. చీమతో ఇనప్పెట్టె తెరిపించినవాడి మాట, పద్నాలుగు మార్కులవాడి మాట, ఎవరు వింటారు? అమ్మాయి మాత్రం వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, వద్దమ్మా. ఇది ఆట కాదు."

మా ఆవిడ కూతురి చేతిలోంచి చెయ్యి విడిపించుకుని, తెచ్చి బల్ల మీద పరిచింది. అయిదు వేళ్లూ నాకు కనబడేలా.

సిస్టర్ పెన్సిలు పక్కన పెట్టింది. కాగితంలో లేని ప్రశ్న అడిగింది. "పిన్నిగారూ, సరిగ్గా చూసి చెప్పండి. ఈయన ఎవరు?"

మా ఆవిడ తల తిప్పింది. నన్ను చూసింది. కళ్లు నా నుదుటి మీద, ముక్కు మీద, గడ్డం మీద నిదానంగా తిరిగాయి, చీటీ మీద పేరు వెతుక్కుంటున్నట్టు.

"ఎవరో పెద్దాయన," అంది. "మంచాయనే. మా వారు వచ్చేదాకా ఇక్కడ కూర్చోమన్నాడు."

బొటనవేలు కదలలేదు.

బల్ల మీద, వెలుతురులో, చూపుడువేలి పక్కన ఊరికే పడి ఉంది. నిజంగానే మరిచిపోయిందా, నేను చూస్తానని వేలిని ఆపుకుందా? నేను లెక్కపెట్టాను. గడియారం పదిసార్లు చప్పుడు చేసింది. కదలలేదు.

"బాబాయిగారూ," అంది సిస్టర్. ఇప్పుడు ఆమె గొంతులో జాలి లేదు, భయం ఉంది. "నలభై నాలుగేళ్లుగా మీకు తెలిసిన మనిషి. కథలు వద్దు, ఒక్క నిజం చెప్పండి, మీ మాటే రాసుకుంటాను. పిన్నిగారు అబద్ధమాడుతున్నారా?"

అమ్మాయి నా వైపు తిరిగింది. మా ఆవిడ కూడా తిరిగింది, పొరుగువాడి జవాబు వినడానికి మర్యాదగా తిరిగినట్టు.